పారిష్ కౌన్సిల్లో ఏడాది పొడుగునా ఏం పని ఉంటుంది? రమ్మంటే వెళ్లవచ్చా?

మీరు అడిగింది ఇదీ: ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో ఒక ఇంగ్లండు పల్లెకి మారి మూడేళ్లయింది. ఐ.ఎల్.ఆర్., అంటే ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి, వచ్చింది, పాస్‌పోర్టు మాత్రం ఇంకా ఇండియాదే. మొన్న జూన్‌లో ఊరి పారిష్ కౌన్సిల్ క్లర్క్ మిమ్మల్ని ఆపి, ఒక సీటు ఖాళీగా ఉంది, కో-ఆప్షన్ మీద, అంటే ఎన్నిక లేకుండా సభ్యులే ఎంచుకుంటే, వస్తారా అని అడిగారు. అది చర్చి వాళ్ల వ్యవహారం కదా, మనం అర్హులమేనా, ఏడాదంతా ఏం పని ఉంటుంది, ఉద్యోగం చేసుకుంటూ కుదురుతుందా, మనల్ని ఊరికే ఫోటోకోసం కూర్చోబెడతారా అని మీ అనుమానాలు.

నేను వూస్టర్‌షైర్‌లో ఒక చిన్న ఊళ్లో పన్నెండేళ్లుగా పారిష్ కౌన్సిలర్‌ని. మూడేళ్లు చైర్‌గా కూడా చేశాను. మా నాన్న కృష్ణా జిల్లాలో రెండు దఫాలు పంచాయతీ వార్డు మెంబరు. చిన్నప్పుడు మా అరుగు మీద ఇంటిపన్ను గొడవలూ వీధి కొళాయి తగవులూ వింటూ పెరిగాను కాబట్టి ఇక్కడ ప్రతి పనినీ అక్కడి పనితో పోల్చి చూసుకోవడం నాకు అలవాటైపోయింది.

ముందు చర్చి సంగతి. పారిష్ అంటే మన కతోలికులు విచారణ అంటారు, విచారణ గురువుగారు గుర్తొస్తారు. ఇక్కడా ఒకప్పుడు అంతే. ఊరి లౌకిక వ్యవహారాలు కూడా చర్చి వెస్ట్రీ సభలోనే తేలేవి. 1894 నాటి చట్టం ఆ రెంటినీ విడదీసింది. చర్చి పనులు చర్చికి వదిలి, ఊరి పనుల్ని ఓటర్లు ఎన్నుకునే పారిష్ కౌన్సిల్‌కి అప్పగించింది. ఆ మొదటి ఎన్నికల్లోనే పెళ్లయిన ఆడవాళ్లు కూడా ఓటు వేయడానికీ నిలబడడానికీ వీలైంది. పార్లమెంటు ఎన్నికల్లో ఆడవాళ్లకి ఓటు వచ్చింది ఇంకో ఇరవై నాలుగేళ్ల తర్వాత. ఈ సంగతి తెలిసిన రోజున నాకు ఈ చిన్న కౌన్సిల్ మీద గౌరవం పెరిగింది. చర్చికి వేరే సంఘం ఉంది, దాని పేరు పరోకియల్ చర్చ్ కౌన్సిల్. పేర్లు దగ్గరగా ఉండడంతో ఉత్తరాలు అటువి ఇటూ ఇటువి అటూ వస్తుంటాయి, అంతే. మీరు ఏ మతమో ఎవరూ అడగరు.

అర్హత విషయం. ఇండియాలాంటి కామన్వెల్త్ దేశపు పౌరులు ఐ.ఎల్.ఆర్. ఉంటే నిలబడవచ్చు. పద్దెనిమిదేళ్లు నిండి, ఊరి ఓటర్ల జాబితాలో పేరు ఉంటే చాలు. బ్రిటిష్ పాస్‌పోర్టు అక్కర్లేదు. కో-ఆప్షన్ అంటే దొడ్డిదారి అని మాత్రం అనుకోకండి. సీటు ఖాళీ అయితే నోటీసు పెడతారు. పద్నాలుగు పనిదినాల్లోగా పదిమంది ఓటర్లు రాతపూర్వకంగా అడిగితే ఎన్నిక జరుగుతుంది. అడగకపోతే మిగిలిన సభ్యులే ఒకరిని ఎంచుకుంటారు. పల్లెల్లో ఎన్నికప్పుడు కూడా సీట్లకి సరిపడా నామినేషన్లు రాకపోవడం మామూలే. నేనూ కో-ఆప్షన్ మీద వచ్చినదాన్నే.

ఇప్పుడు అసలు సంగతి. మన ఊళ్లో సర్పంచ్‌ని జనం నేరుగా ఎన్నుకుంటారు, అయిదేళ్లు ఆయన మాటకి ఒక బరువు ఉంటుంది. ఇక్కడ చైర్‌ని సభ్యులే ఏటా మే నెలలో ఎన్నుకుంటారు. ఆ చైర్‌కి కూడా ఒంటరిగా ఏ అధికారమూ లేదు. ఒక కమిటీకో క్లర్క్‌కో పని అప్పగించవచ్చు గానీ, ఒక్క కౌన్సిలర్‌కి నిర్ణయాధికారం అప్పగించడానికి చట్టం ఒప్పుకోదు. అధికారమంతా బల్ల చుట్టూ కూర్చున్న సభది, అదీ ఎజెండాలో ఉన్న విషయం మీదే. ఇది తెలియక మొదటి ఏడాది నేనొక తప్పు చేశాను. బస్సు కోసం నిలబడలేకపోతున్నానని ఒక పెద్దావిడ అంటే, "బెంచి వేయిస్తాలెండి" అని మాట ఇచ్చేశాను. ఆ మాట ఇచ్చే హక్కు నాకు లేదని మా క్లర్క్ మెల్లగా చెప్పారు. విషయాన్ని ఎజెండాలో పెట్టాలి. బెంచీలు వేసే అధికారం 1957 నాటి పారిష్ కౌన్సిళ్ల చట్టంలో ఉంది, కాబట్టి ఖర్చుకి దారి ఉంది. కానీ రోడ్డు వార స్థలం కౌంటీ కౌన్సిల్‌ది, అంటే మన జిల్లా పరిషత్ లాంటి పై సంస్థది, వాళ్ల అనుమతి కావాలి. ధరలు తెప్పించాలి. బెంచి వచ్చేసరికి తొమ్మిది నెలలు పట్టింది. ఆ తొమ్మిది నెలలూ ఆవిడ కనిపించినప్పుడల్లా నేను తల దించుకుని నడిచాను. అప్పట్నుంచీ ఎవరేమి అడిగినా "వచ్చే సమావేశంలో పెట్టమని క్లర్క్‌కి రాస్తాను" అంటాను, ఆ రాత్రే రాస్తాను.

ఖర్చు చేసే ప్రతి పౌండుకీ వెనక ఒక చట్టం చూపించాలి. యుద్ధ స్మారకం బాగుచేస్తే 1923 చట్టం, బెంచికి 1957 చట్టం, అలా. వేటికీ ఒదగని మంచి పనులకి 1972 చట్టంలో 137వ సెక్షన్ కింద ఓటరుకి ఇంత అని ఒక పరిమితి ఉంది, అది ఏటా మారుతుంది. ఇవన్నీ మీరు కంఠస్థం చేయక్కర్లేదు. అది క్లర్క్ పని. క్లర్క్ అంటే గుమాస్తా అనుకునేరు. మన పంచాయతీ కార్యదర్శిలాగా చట్టం తెలిసిన అధికారి, జీతం తీసుకునే ఒకే ఒక్కరు, అదీ మాలాంటి ఊళ్లో వారానికి కొన్ని గంటలకే. మంచి క్లర్క్ ఉన్న కౌన్సిల్ ఎలాగోలా నడుస్తుంది. క్లర్క్‌ని ఏడిపించే కౌన్సిల్ ఎంత చదువుకున్నవాళ్లతో నిండినా నడవదు. మీరు చేరాక మొదట సంపాదించుకోవలసింది ఆ మనిషి నమ్మకం.

కౌన్సిల్ ఏడాది మేలో మొదలవుతుంది. మే సమావేశంలో మొదటి పని చైర్ ఎన్నిక. ఆ తర్వాత బీమా, నియమావళి, ఎవరు ఏ పని చూడాలన్నది. ఆర్థిక సంవత్సరం మనలాగే ఏప్రిల్ నుంచి మార్చి వరకు. కాబట్టి మే, జూన్ నెలల్లో పాత ఏడాది లెక్కలు మూస్తారు. ఇంటర్నల్ ఆడిటర్ చూశాక, సభలో ముందు కౌన్సిల్ నిబంధనల ప్రకారం నడిచిందని చెప్పే పాలన ప్రకటననీ తర్వాత లెక్కల ప్రకటననీ జూన్ 30లోగా ఆమోదించాలి. ఈ వరస తప్పకూడదు. ఆ పైన ముప్ఫై పనిదినాలు ఊళ్లో ఎవరైనా వచ్చి పద్దు పుస్తకాలు, బిల్లులు తిరగేసి చూడవచ్చు, అందులో జూలై మొదటి పది పనిదినాలూ ఉండి తీరాలి. మా ఊళ్లో ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు ఏటా వస్తారు. ఒకసారి గడ్డి కోత బిల్లులో వ్యాట్ వెనక్కి రాబట్టలేదని ఆయనే పట్టుకున్నారు. పారిష్ కౌన్సిళ్లు కట్టిన వ్యాట్‌ని తిరిగి రాబట్టుకోవచ్చు. చిన్న కౌన్సిల్‌కి ఆ డబ్బు చాలా ఎక్కువ. ఆదాయం గానీ ఖర్చు గానీ 25,000 పౌండ్లు దాటని కౌన్సిళ్లు బయటి ఆడిటర్ పరిశీలన అక్కర్లేదని ధ్రువీకరించుకోవచ్చు. మేం అలాగే చేస్తాం. ఆ ధ్రువీకరణకీ గడువు జూన్ 30 తేదీయే.

వేసవి అంటే గడ్డి, ఆటస్థలం, కుక్కల పెంట. ఆగస్టులో చాలా కౌన్సిళ్లు సమావేశం పెట్టవు. ఆటస్థలం మీద మాత్రం ఒక మాట. వారం వారం ఎవరో ఒకరు వెళ్లి ఉయ్యాల గొలుసులు, బోల్టులు, కింది రబ్బరు నేల చూసి పుస్తకంలో రాయాలి. ఏడాదికోసారి బయటి నిపుణుడు తనిఖీ చేస్తాడు. ఏ పిల్లవాడికైనా దెబ్బ తగిలి వ్యవహారం బీమా దాకా వెళ్తే వాళ్లు అడిగేది ఆ పుస్తకమే. నాకు ఈ డ్యూటీ అంటే ఇష్టం. శనివారం పొద్దున్నే వెళ్తాను. పిల్లల తల్లులు అక్కడ చెప్పినన్ని సంగతులు సమావేశానికి వచ్చి ఎవరూ చెప్పరు. పాత ఎర్ర టెలిఫోన్ బూత్‌ని టెలిఫోన్ కంపెనీ బీటీ వాళ్ల దగ్గర ఒక్క పౌండుకి తీసుకుని అందులో డీఫిబ్రిలేటర్, అంటే గుండె ఆగినప్పుడు షాక్ ఇచ్చే యంత్రం, పెట్టాం. దాని ప్యాడ్ల గడువు తేదీ చూడడం కూడా ఆ శనివారపు పనే.

సెప్టెంబరు, అక్టోబరుల్లో కాలిబాటలు. పొలాల మధ్య నుంచి వెళ్లే బాటలు ఇక్కడ జనం హక్కు. రైతు పొలానికి అడ్డంగా పోయే బాటని దున్నవచ్చు గానీ మొదటిసారి దున్నాక పద్నాలుగు రోజుల్లో మళ్లీ నడిచేలా చేయాలి. గట్టు వెంట పోయే బాటనైతే దున్ననే కూడదు. ఈ తగవు మా ఊళ్లో ఏటా వస్తుంది. ఉత్తరం రాసే ముందు మనిషి వెళ్లి మాట్లాడితే సగం తగవు అక్కడే తీరిపోతుందని నా అనుభవం. చెట్ల కంచెలు కత్తిరించేదీ ఇప్పుడే, మార్చి నుంచి ఆగస్టు దాకా పక్షులు గూళ్లు పెట్టుకునే కాలం కాబట్టి. అలాట్‌మెంట్ల, అంటే కూరగాయలు పండించుకోవడానికి ఊళ్లోవాళ్లకి ఇచ్చే చిన్న ప్లాట్ల, కౌలు కూడా చాలా ఊళ్లలో సెప్టెంబరు 29తో మొదలవుతుంది. మా అలాట్‌మెంట్లలో ఒక తెలుగు కుటుంబం గోంగూర వేసింది. ఆ వేసవి చలికి అది మోకాలెత్తు దాటలేదు గానీ పక్క ప్లాటు ముసలాయన ఆ ఆకు పులుపు రుచి చూసి మరుసటి ఏడాది విత్తనాలు అడిగాడు.

నవంబరులో రెండో ఆదివారం యుద్ధ స్మారకం దగ్గర పూలచక్రం పెడతాం. కౌన్సిల్ తరఫున ఒకరు నిలబడాలి. చైర్‌గా ఉన్న మూడేళ్లూ నేనే పెట్టాను. మా రాయి మీద పదిహేడు పేర్లున్నాయి, వాటిలో నాలుగు ఒకే ఇంటిపేరు.

ఇక నవంబరు నుంచి జనవరి దాకా జరిగేదే కౌన్సిల్ ప్రాణం. మిగతా నెలలన్నీ దీనికి అటూ ఇటూ. ఎందుకంటే ఊరికి వచ్చే ఏడాది ఏం జరగగలదో, ఏం జరగదో ఇక్కడే తేలిపోతుంది. పారిష్ కౌన్సిల్‌కి డబ్బు వచ్చేది ప్రిసెప్ట్ అనే పన్ను వాటా నుంచి. మనం ఇంటింటికీ వెళ్లి వసూలు చేయం. మాకింత కావాలని, మనకి పైనా కౌంటీకి కిందా ఉండే డిస్ట్రిక్ట్ కౌన్సిల్‌కి రాస్తాం, వాళ్లు కౌన్సిల్ ట్యాక్స్ అనే ఇంటిపన్నుతో కలిపి వసూలు చేసి మనకి ఇస్తారు. చట్టప్రకారం మార్చి 1 లోపు చెప్పాలి. చాలామంది జనవరిలోనే తేల్చేస్తారు.

లెక్క ఇలా ఉంటుంది. ఇంటి విలువని బట్టి ఇళ్లని ఎ నుంచి హెచ్ దాకా బ్యాండ్లుగా విడదీస్తారు. అన్నిటినీ బ్యాండ్ డి ఇళ్లకి సమానం చేసి ఊళ్లో ఎన్ని ఇళ్లున్నాయో డిస్ట్రిక్ట్ వాళ్లు ఒక అంకె పంపుతారు. అది 420 అనుకోండి. మన ఖర్చుకి 21,000 పౌండ్లు కావాలంటే బ్యాండ్ డి ఇంటి మీద ఏడాదికి 50 పౌండ్లు పడుతుంది. బ్యాండ్ ఎ ఇల్లు అందులో మూడింట రెండు వంతులు కడుతుంది, బ్యాండ్ హెచ్ ఇల్లు రెట్టింపు. ఆటస్థలంలో ఉయ్యాల కింది నేల మార్చడానికి 2,100 పౌండ్లు కావాలి. అంటే ఇంటికి 5 పౌండ్లు. వినడానికి ఏమీ కాదు. శాతంలో చెబితే మాత్రం పది శాతం పెంపు. ఊరి పత్రికలో "పది శాతం" అనే అచ్చవుతుంది.

ఒక డిసెంబరులో మేము సరిగ్గా ఇక్కడే ఇరుక్కున్నాం. ఒక సభ్యుడు పెంపు వద్దే వద్దన్నారు. పింఛను మీద బతికే వాళ్ల గురించి ఆయన బెంగ నిజమైనదే. ఇంకొకరు రిజర్వు నుంచి తీసుకుందామన్నారు. రిజర్వు అంటే అత్యవసరానికి దాచుకున్నది, కనీసం మూడు నెలల ఖర్చయినా ఉంచుకోవడం మంచి పద్ధతి, మాది అప్పటికే ఆ గీత దగ్గర ఉంది. అంతకు ముందు నాలుగేళ్లు ప్రిసెప్ట్‌ని కదపకుండా ఉంచి గర్వపడ్డాం. ఆ నాలుగేళ్లలో క్లర్క్ జీతం, బీమా, గడ్డి కోత అన్నీ పెరిగాయి. కదపకపోవడం అంటే లోపల్లోపల తగ్గించడమే అని ఆ రాత్రి నాకు అర్థమైంది. చివరికి 23,100కి తీర్మానం చేసి, ఎందుకో ఒక పేజీలో రాసి ప్రతి గుమ్మంలో వేశాం. నేను వేసిన వీధిలో ఒక్కరు మాత్రమే కోప్పడ్డారు. మిగతావాళ్లు ఉయ్యాల ఎప్పుడు బాగవుతుందని అడిగారు. డిస్ట్రిక్ట్, కౌంటీ కౌన్సిళ్లకి ఉన్నట్టు పెంపు ఒక హద్దు దాటితే ప్రజాభిప్రాయ ఓటు పెట్టాలన్న నిబంధన పారిష్‌లకి ఇప్పటిదాకా వర్తింపజేయలేదు. అందుకే మనం మరింత ఒళ్లు దగ్గర పెట్టుకుని పెంచాలి, మరింత విడమరచి చెప్పాలి.

చలికాలంలో నీళ్లు కూడా ఉన్నాయి. మా ఊరి దిగువ వీధిలో ఒక డిసెంబరు రాత్రి మూడిళ్లలోకి నీళ్లొచ్చాయి. తప్పెవరిదంటే కౌంటీ వాళ్లు కాలువ అన్నారు, పొలం ఆయన రోడ్డు తూము అన్నారు. ఇక్కడి పద్ధతి ప్రకారం కాలువ ఎవరి స్థలం పక్కన పారితే దాన్ని పారేలా ఉంచే బాధ్యత వాళ్లది, రోడ్డు మీది నీళ్లు పోయే జాలీలు కౌంటీవి. పారిష్ కౌన్సిల్‌కి ఈ రెంటిలో దేని మీదా అధికారం లేదు. మేం చేయగలిగింది ఒకటే చేశాం. వాన పడిన ప్రతిసారీ ఎక్కడ నీళ్లు నిలిచాయో తేదీ, టైము, ఫోటోతో రాసుకున్నాం. ఇద్దరం గొడుగులు వేసుకుని ఆ కాలువ వెంట పై నుంచి కింద దాకా నడిచాం. పొలం లోపలి తూములో ఒక పాత గేటు విరిగి అడ్డం పడి ఉంది. అది చూపించగానే ఆయన ఆ వారంలోనే తీయించారు. ఆ ఫోటోల కట్ట చూశాక కౌంటీ వాళ్లు జాలీలు కడిగించారు, కానీ మొత్తం మీద పద్నాలుగు నెలలు పట్టింది. మరుసటి చలికాలం ఆ ఇళ్లలోకి నీళ్లు రాలేదు.

ప్లానింగ్ దరఖాస్తులు ఏడాదంతా వస్తూనే ఉంటాయి, జనం సభకి వచ్చేది కూడా ఎక్కువగా వీటి కోసమే. నిర్ణయం డిస్ట్రిక్ట్ కౌన్సిల్‌ది, మనది అభిప్రాయం మాత్రమే, సాధారణంగా ఇరవై ఒక్క రోజుల్లో చెప్పాలి. ఇక్కడ కొత్త సభ్యులు చేసే పొరపాటు, జనం కోపాన్ని ఉన్నదున్నట్టు రాసి పంపడం. మా ఇంటి ధర పడిపోతుంది, కిటికీలోంచి కొండ కనపడదు అంటే పక్కన పెట్టేస్తారు. పక్కింటి పడకగదిలోకి చూపు పడుతుంది, ఆ మలుపులో లారీ తిరగదు, మురుగు ఎక్కడికి పోతుందో చూపలేదు అని రాస్తే చదువుతారు. దరఖాస్తుదారు మీ స్నేహితుడైతే ముందే చెప్పి బయటికి వెళ్లండి. మీ ఆస్తులు, ఉద్యోగం, మీ భార్యవి కూడా, చేరిన ఇరవై ఎనిమిది రోజుల్లో డిస్ట్రిక్ట్ కౌన్సిల్‌లోని మానిటరింగ్ ఆఫీసర్ అనే అధికారి దగ్గర నమోదు చేయాలి. సరైన కారణం లేకుండా ఎగ్గొడితే నేరమవుతుంది. ఇది మాత్రం తేలిగ్గా తీసుకోకండి.

మార్చి ఒకటికీ జూన్ ఒకటికీ మధ్య ఒక సాయంత్రం వార్షిక పారిష్ మీటింగ్ ఉంటుంది. అది కౌన్సిల్ సమావేశం కాదు, ఓటర్లది. అచ్చంగా మన గ్రామసభ. మన ఊళ్లో గ్రామసభలకి కోరం కోసం ఇంటింటికీ మనిషిని పంపేవాళ్లు. ఇక్కడా చాలాచోట్ల కుర్చీలే ఎక్కువ కనబడతాయి. మేం ఆ సాయంత్రం స్కూలు పిల్లలనీ ఊరి సంఘాలనీ బల్లలు పెట్టుకోమని పిలుస్తాం. టీ, కేకు ఉంటాయి. ఒక ఏడాది నేను నూరు పునుగులు వేయించి తీసుకెళ్లాను. హాలు నిండింది, ఆ నిండిన హాల్లోనే బస్సు వేళల గురించి నలభై నిమిషాలు గట్టి చర్చ జరిగింది.

సమయం గురించి. నెలకి ఒక సాయంత్రం రెండు గంటలు, ముందు కాగితాలు చదవడానికి ఒక గంట, ఊళ్లో తిరగడానికి ఇంకో రెండు మూడు గంటలు. బడ్జెట్ నెలల్లో ఎక్కువ. జీతం ఉండదు. 2021లో హ్యాండ్‌ఫోర్త్ పారిష్ కౌన్సిల్ జూమ్ గొడవ వీడియో చూసి భయపడ్డామని చాలామంది అంటారు. పన్నెండేళ్లలో నేను గొంతులు లేవడం చూసింది రెండుసార్లే. ఆన్‌లైన్ సమావేశాలకి కోవిడ్ కాలంలో ఇచ్చిన అనుమతి 2021 మే 7తో ముగిసింది. కాబట్టి ఓటు వేయాలంటే హాల్లో ఉండాలి. కారణం చెప్పి సభ ఆమోదం పొందకుండా వరసగా ఆరు నెలలు రాకపోతే సీటు పోతుంది. ఇండియాకి సెలవు మీద వెళ్లేటప్పుడు క్లర్క్‌కి రాసి వెళ్లండి.

ఫోటోకోసమా అన్న అనుమానం గురించి కూడా నిజమే చెబుతాను. మొదటి ఆరు నెలలు నన్నెవరూ ఏమీ అడగలేదు. మర్యాదగా ఉండేవాళ్లు, అంతే. ఆ కాలువ వెంట వానలో నడిచిన తర్వాత అడగడం మొదలుపెట్టారు. ఇక్కడ పల్లెల్లో మాటకంటే నడకని నమ్ముతారు. మీకు కొత్త కళ్లు ఉన్నాయి, ఇరవై ఏళ్లుగా ఉన్నవాళ్లకి అలవాటైపోయిన గుంట మీకు కనపడుతుంది.

కాబట్టి వెళ్లమనే అంటాను, ఒక్క జాగ్రత్తతో. ముందు బయట కూర్చుని చూడండి. సమావేశాలకి ఎవరైనా రావచ్చు. మూడు పూర్తి రోజుల ముందు నోటీసు పెట్టాలి, ఆదివారం లెక్కలోకి రాదు. మంగళవారం సమావేశమైతే మా క్లర్క్ ముందు బుధవారమే బోర్డుకి అంటిస్తారు. జూలై సమావేశానికి వెళ్లి వెనక వరసలో కూర్చోండి. క్లర్క్‌ని అడిగి గత రెండేళ్ల మినిట్స్, ఈ ఏటి బడ్జెట్ కాగితం తెచ్చుకుని ఆగస్టులో చదవండి. ఏ విషయం మూడుసార్లకి మించి వాయిదా పడిందో పెన్సిల్‌తో గీత పెట్టుకోండి. సెప్టెంబరులో కో-ఆప్షన్ అయితే నవంబరులో బడ్జెట్ మొదటి ముసాయిదా బల్ల మీదికి వచ్చేసరికి మీరు అక్కడ ఉంటారు. ఆ ముసాయిదాలో మీరు గీత పెట్టిన విషయానికి ఒక పద్దు ఉందో లేదో చూడండి, లేకపోతే ఎందుకు లేదని అడగండి.